గాడిదల కొట్టం ఎట్లా కట్టాలంటే

నర్సంపేట

చిరంజీవులైన మనుమలకు, మనుమరాళ్లకు తాత ఆశీస్సులు.

బర్లకు కొట్టం ఉంది, కోళ్లకు గూడు ఉంది, గాడిదలను మాత్రం వానలో చెట్టు కింద ఎందుకు కట్టేస్తారని అడిగారు కదా. మంచి ప్రశ్న. గాడిద ఎంత వానకైనా ఓర్చుకుంటుందని పెద్దవాళ్లు కూడా అనుకుంటారు. అది నిజం కాదు. దాని పూర్వీకులు ఆఫ్రికాలోని ఎండు నేలల్లో బతికినవి. గుర్రం వెంట్రుకలు ఆపినంతగా గాడిద వెంట్రుకలు వాన నీటిని ఆపలేవు. ఒళ్లు నానిపోయి వణుకుతుంది. రోజుల తరబడి బురదలో నిలబడితే గిట్టలు మెత్తబడి కుళ్లుతాయి.

అందుకే ముందు నేల సంగతి చూడాలి. మిట్ట చోటు చూసుకుని, జానెడు ఎత్తు మొరం పోసి, నీళ్లు చల్లి దిమ్మిసతో గట్టిగా కొట్టాలి. ఉచ్చ నిలవకుండా ఒక పక్కకు కాస్త వాలు ఇవ్వాలి. నున్నటి బండలు వద్దు, కాలు జారుతుంది. రెండు గాడిదలకు 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు చాలు. ఒక్కదాన్నే ఎప్పుడూ ఉంచకండి. తోడు పోతే బెంగతో మేత మానేస్తుంది.

వానగాలి మనకు నైరుతి నుంచి కొడుతుంది. పడమర, దక్షిణం మట్టి గోడలు పెట్టి, తూర్పు తెరిచి వదలాలి. గోడకూ కప్పుకూ మధ్య సందు ఉంటే ఉచ్చ ఘాటు బయటికి పోతుంది. వేప గుంజలకు బెరడు తీసేయండి, లేకుంటే గాడిదలే కొరికి తీస్తాయి! భూమిలో దిగే భాగాన్ని మంటలో నల్లగా కాలిస్తే చెదలు తొందరగా పట్టవు.

తాటి కమ్మలు చూరు దగ్గర మొదలుపెట్టి కొప్పు దాకా కప్పుకుంటూ పోవాలి. పై వరుస కింది వరుస మీదికి సగం దాకా రావాలి. వాలు తక్కువైతే నీళ్లు నిలిచి కమ్మ కుళ్లుతుంది. రేకులు వేస్తే పని తొందరగా అవుతుంది కానీ, మన మే నెల ఎండకు వాటి కింద మనమే నిలబడలేం.

దేశంలో 2012లో 3.2 లక్షల గాడిదలుంటే, 2019 పశుగణన నాటికి 1.2 లక్షలే మిగిలాయి. చాకిరేవుకు మూటలు మోసిన జీవాలు ఇవి. ఉన్నవాటినైనా పొడి నేల మీద పడుకోనిద్దాం.

మృగశిర కార్తెకు ముందే కప్పు పడాలి. కమ్మలు నేను కొట్టించి ఆరబెట్టిస్తాను. సెలవులకు రాగానే మొరం పని మీది.

మీ తాత