ఇరవై దాటిన అమ్మాయి ఎవరి లెక్కలో ఉంది?

బెంగళూరు పీజీల్లో, అంటే డబ్బు కట్టి ఉండే పేయింగ్ గెస్ట్ హాస్టళ్లలో, ఉండే మన అమ్మాయిల రక్తహీనత గురించి మళ్లీ మాట నడుస్తోంది. ఆఫీసు హెల్త్ చెకప్‌లో హిమోగ్లోబిన్ పది దగ్గర కనిపించగానే తప్పెవరిదన్న వాదన మొదలవుతుంది. మెనూలో అన్నీ పెడుతున్నామని, అమ్మాయిలకే అవగాహన లేదని పీజీ నడిపేవాళ్లు అంటారు.

గర్భిణులకు ఐరన్ మాత్రల పథకం 1970లో మొదలైన సంగతి తెలిసిందే. ఇవాళ్టి గొడవకు మూలం మాత్రం 2018లో ఉందని నా నమ్మకం. ఆ ఏడాది వచ్చిన కేంద్రం రక్తహీనత నివారణ పథకం అనీమియా ముక్త్ భారత్, గర్భిణులు కాని 20 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లకూ వారానికో మాత్ర ఇవ్వాలంది. అందులో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. మంచి నిర్ణయమే. కానీ ఇచ్చేదెవరు? ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్త. ఓటు కడపలో, మంచం మారతహళ్లి నాలుగో అంతస్తు డబుల్ షేరింగ్‌లో, పొద్దున ఎనిమిదింటికే క్యాబ్ ఎక్కేసే అమ్మాయి ఆమెకు ఎక్కడ దొరుకుతుంది? ఊళ్లో ఇల్లు వదిలేసింది, ఇక్కడ ఇల్లు లేదు.

అంతకు ఐదారేళ్ల ముందే సర్కారు బళ్లలో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర వచ్చింది. టీచరు ఎదుటే మింగించేవారు. ఇవాళ పీజీల్లో ఉన్నవాళ్లలో ఆ మాత్ర మింగినవాళ్లు ఎందరో. ఆకుకూర తింటే రక్తం పడుతుందని వాళ్లకు తెలుసు. తెలియనిది వేరే ఉంది. భోజనం అవగానే టీ తాగితే తిన్న ఐరన్ సరిగా ఒంటబట్టదు. పప్పులో నిమ్మకాయ పిండుకుంటే బాగా పడుతుంది. ఈ రెండు ముక్కలు వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

2020లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కలిసి లెక్కలు మార్చాయి. ఆడవాళ్లకు రోజుకు కావలసిన ఐరన్ 21 నుంచి 29 మిల్లీగ్రాములకు, కాల్షియం 600 నుంచి 1000 మిల్లీగ్రాములకు పెరిగాయి. పీజీ మెనూ మారలేదు. పాలిష్ పట్టిన బియ్యం 100 గ్రాముల్లో ఉండే ఐరన్ ఒక మిల్లీగ్రాము కూడా కాదు. అదే తూకం రాగుల్లో నాలుగున్నర మిల్లీగ్రాముల ఐరన్, 360 మిల్లీగ్రాములు దాటిన కాల్షియం ఉంటాయి. రాగులు ఈ నేల పంటే. అయినా ‘ఆంధ్రా మీల్స్’ అని బోర్డు పెట్టిన చోట వడ్డించేది తెల్లన్నం, పల్చటి చారు.

వేలి చివర చుక్కతో తీసిన రక్తం లెక్కలు సరికావని నిపుణుల్లో వాదన ఉంది. ఉండనివ్వండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం రక్తహీనులని తేలింది. అందులో కొంత తగ్గినా మిగిలేది చిన్న సంఖ్య కాదు.

నాకు ఎక్కువ భయం ఫోలిక్ ఆమ్లం గురించి. కడుపులో బిడ్డ వెన్నుపాము నాళం సరిగా మూసుకోవడానికి అది కావాలి, ఆ నాళం మూసుకునేది మొదటి 28 రోజుల్లోనే. గర్భం వచ్చిందని చాలామందికి అప్పటికి తెలియదు. ఆసుపత్రిలో పేరు నమోదయ్యాక ఇచ్చే మాత్ర ఆ గడువును అందుకోలేదు. అలాంటి వయసులోనే మన అమ్మాయిలు ఏ పథకం కంటికీ కనిపించకుండా ఉన్నారు.

2024లో అప్పటి బెంగళూరు నగరపాలక సంస్థ బీబీఎంపీ పీజీలకు నిబంధనలు పెట్టింది. మనిషికి 70 చదరపు అడుగులు, 135 లీటర్ల నీళ్లు, సీసీ కెమెరాలు, ఆహార లైసెన్సు. లైసెన్సు ఇచ్చేటప్పుడే ఆ పీజీలో ఎందరు అమ్మాయిలున్నారో రాసుకుని, ఆ కాగితం దగ్గర్లోని పట్టణ ఆరోగ్య కేంద్రానికి పంపొచ్చు. ఆదివారం అందరూ గదుల్లోనే ఉంటారు.