ప్రొఫైలర్‌లో ఏమీ కనిపించలేదంటే కోడ్ మంచిదనా?

ఈ నెలలో ఇది మూడో ఫోను. "ప్రోగ్రామ్ నెమ్మదిగా నడుస్తోంది. ప్రొఫైలర్ పెట్టి చూశామండీ, సీపీయూ పది శాతం కూడా దాటడం లేదు. కోడ్‌లో తప్పేమీ లేదు. సర్వర్ మార్చేయమంటారా?" అని. మార్చకండి. ముందు ఇది చదవండి. ప్రొఫైలర్ అంటే ప్రోగ్రామ్ సమయం ఎక్కడ ఖర్చవుతోందో కొలిచే పనిముట్టు.

అపోహ: సీపీయూ ఖాళీగా ఉందంటే కోడ్ సక్రమంగా ఉన్నట్టే.

జనానికి అన్నిటికంటే ఎక్కువ డబ్బు వదిలిస్తున్నది ఈ నమ్మకమే. చాలా ప్రొఫైలర్లు మామూలుగా లెక్కపెట్టేది సీపీయూ మీద నడిచిన సమయాన్ని. ప్రోగ్రామ్‌లో ఒక్కో పని వరుసను థ్రెడ్ అంటారు. డేటాబేస్ జవాబు కోసమో, మరో థ్రెడ్ పట్టుకున్న లాక్ (ఒకసారి ఒకరికే దొరికే తాళం) కోసమో కాచుకుని కూర్చున్న థ్రెడ్ ఆ లెక్కలోకి రాదు. వాడే మనిషికి మాత్రం తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. పైథాన్ ప్రొఫైలర్ పై-స్పై కూడా ఖాళీగా ఉన్న థ్రెడ్లను వదిలేస్తుంది. ఐడిల్ ఆప్షన్ ఇస్తేనే చూపిస్తుంది. జావాలో అయితే అసింక్-ప్రొఫైలర్‌ను వాల్ మోడ్‌లో, అంటే కాచుకున్న సమయాన్నీ లెక్కపెట్టే పద్ధతిలో నడపాలి.

చీమకుర్తిలో ఒక గ్రానైట్ యార్డు. నెలాఖరు స్టాకు రిపోర్టు తెరుచుకోవడానికి నలభై సెకన్లు. ఎవరో చెప్పారని యజమాని రెట్టింపు కోర్లున్న కొత్త యంత్రం కొన్నారు. రెండు సెకన్లు తగ్గింది! ఆ ప్రోగ్రామ్ రాసిన కుర్రాడు ఒంగోలు వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు, ముఖంలో నెత్తురు చుక్క లేదు. "అన్నా, ప్రొఫైలర్‌లో ఏమీ రావడం లేదు. వాళ్లేమో నన్నే అంటున్నారు."

రిపోర్టు నడుస్తుండగా మూడు సెకన్లకు ఒకసారి చొప్పున పదిసార్లు జేస్టాక్ కొట్టమన్నాను. అది జావా పనిముట్టు; ఆ క్షణంలో ప్రతి థ్రెడ్ ఏ ఫంక్షన్‌లో ఉందో, దాన్ని ఎవరు పిలిచారో పై నుంచి కిందికి వరుసగా రాసిస్తుంది. ఆ జాబితానే ట్రేసు. పది ట్రేసులూ పక్కపక్కన పెట్టి చూస్తే తొమ్మిదింటిలో పై వరుస ఒకటే: సాకెట్ (నెట్‌వర్క్ కనెక్షన్) నుంచి చదవడం. పక్కన 'రన్నబుల్' (నడుస్తోంది) అని ఉండేసరికి, థ్రెడ్ పని చేస్తోందనే అనుకున్నాడు పాపం. సాకెట్ దగ్గర ఎదురుచూస్తున్న థ్రెడ్‌ను కూడా జావా అలాగే చూపిస్తుంది. "అయితే డేటాబేస్ డ్రైవర్ మార్చేద్దామా?" అన్నాడు. పై వరుసలో ఉన్నదే దొంగ అనుకోవడం ఇంకో జబ్బు. కిందికి చదువు, దాన్ని ఎవరు పిలిచారో చూడు అన్నాను. నాలుగు వరుసల కింద రిపోర్టు లూప్ ఉంది. ఒక్కో పలక కొలతల కోసం డేటాబేస్‌కు ఒక్కో ప్రశ్న, అంటే ఒక్కో క్వెరీ. 2,400 పలకలు, హైదరాబాద్‌లో ఉన్న డేటాబేస్‌కు వెళ్లి రావడానికి ఒక్కోదానికి 15 మిల్లీసెకన్లు. గుణించుకోండి, 36 సెకన్లు. కోర్లు పెంచితే దారి దగ్గరవుతుందా? అన్ని కొలతలూ ఒకే క్వెరీలో తెప్పించాం. రిపోర్టు రెండు సెకన్లలోపే వచ్చింది. కొత్త యంత్రం మాత్రం ఇప్పటికీ ఊరికే గుర్రుమంటూ ఉంది.

అపోహ: పది ట్రేసులతో ఏం తేలుతుంది, వేలు కావాలి.

పొగాకు వేలంలో కొనేవారు బేలు మొత్తం విప్పి ఆకులు లెక్కపెట్టరు. మొత్తం సమయంలో 30 శాతం తినేసే చోటు ఏదైనా ఉంటే, అది పది శాంపిళ్లలో, అంటే పది ట్రేసుల్లో, కనీసం ఒక్కదానికి చిక్కే అవకాశం 97 శాతం; రెండుసార్లో అంతకంటే ఎక్కువో చిక్కే అవకాశం 85 శాతం. అది 30 శాతమా 34 శాతమా అని తేల్చాలంటే వేలు కావాలి, నిజమే. మనకు కావలసింది చోటు.

అపోహ: ట్రేసులన్నిటినీ పేర్చి గీసే ఫ్లేమ్ గ్రాఫ్‌లో ఎడమ నుంచి కుడికి కాలం నడుస్తుంది.

నడవదు. 2011లో బ్రెండన్ గ్రెగ్ అనే ఇంజనీరు తయారుచేసినప్పటి నుంచీ ఆ వరుస అక్షరక్రమమే. వెడల్పు చూడండి, చాలు: ఎంత వెడల్పో అంత సమయం.

అపోహ: ప్రొఫైలర్ పెడితే అసలు సర్వర్ కూలిపోతుంది.

ప్రతి ఫంక్షన్ పిలుపునూ నమోదు చేసే పాత రకంతో ఆ భయం సబబే. సెకనుకు వంద శాంపిళ్లు తీసే రకంతో అంత భారం ఉండదు. జేస్టాక్ మాత్రం థ్రెడ్లన్నిటినీ క్షణకాలం ఆపుతుంది, ఎడాపెడా కొట్టకండి.

ఆ కుర్రాడిని నేను ఏమీ అనలేదు. నా మొదటి ఉద్యోగంలో ఒక సార్టింగ్ ఫంక్షన్‌ను వారం రోజులు కూర్చుని తిరగరాశాను. తరువాత కొలిస్తే మొత్తం సమయంలో దాని వాటా 3 శాతం. దాన్ని సున్నా చేసినా ఆదా అయ్యేది ఆ మూడే.

నిన్న ఫోను చేసినవారికి: రిపోర్టు నడుస్తుండగా తీసిన పది ట్రేసులు పంపండి. అయిపోయాక తీసినవి కాదు. పోయినసారి అవే పంపారు.