మాస్టొడాన్‌లో ఉపాధ్యాయులు: అపోహలు - వాస్తవాలు

మాస్టొడాన్ అంటే, ఒకే కంపెనీ చేతిలో కాకుండా, ఎవరికి వారు నడుపుకునే వేర్వేరు సర్వర్లతో కూడిన సోషల్ మీడియా. ఉపాధ్యాయుల కోసం నడిచే అలాంటి ఒక చిన్న సర్వర్ నిర్వహణ కొన్నేళ్లుగా నా బాధ్యత. కొత్తగా చేరినవారిలో చాలామంది నోట నేను వినే మాట ఒకటే: "ఇది పెద్ద కంపెనీల చేతిలో లేదు కదండీ, ఇక్కడ ప్రైవేటుగా రాసుకున్నది మన మధ్యే ఉంటుంది." మిగతా అపోహలన్నీ కలిపినా ఈ ఒక్కదాని వల్ల జరిగేంత నష్టం జరగదు.

మాస్టొడాన్ ప్రైవేటు సందేశాలకు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్, అంటే పంపినవారూ అందుకున్నవారూ తప్ప మరెవరూ చదవలేని రక్షణ, లేదు. పంపినవారి సర్వర్‌లోనూ అందుకున్నవారి సర్వర్‌లోనూ అవి మామూలు అక్షరాల్లోనే నిలవ ఉంటాయి కనుక, అక్కడి నిర్వాహకులు తలచుకుంటే చదవగలరు. నేను చదవను, అయినా నా మంచితనాన్ని నమ్ముకొని ఒక విద్యార్థి ఇంటి సంగతులు రాయడం తగదు.

అంతకన్నా ప్రమాదకరమైన చిక్కు మరొకటి ఉంది. ఒక ఉపాధ్యాయిని, చదవడంలో ఇబ్బంది పడుతున్న పిల్లవాడి గురించి సహోద్యోగికి ప్రైవేటుగా రాస్తూ, ప్రధానోపాధ్యాయుడు పట్టించుకోవడం లేదని వాపోయారు. ఆయన పేరు దగ్గర అట్ (@) గుర్తు పెట్టి రెండక్షరాలు కొట్టగానే ఖాతా చిరునామా కనిపించింది; అలవాటుగా దాన్ని నొక్కారు. సందేశంలో ఎవరి చిరునామా ఉంటే వారికీ అది చేరడం మాస్టొడాన్ పద్ధతి. పిల్లవాడి పేరుతో సహా ఆ సందేశం ఆయనకు చేరింది. "ఎలాగైనా తీసేయండి" అని ఆ రాత్రి ఆమె నన్ను వేడుకున్నారు. తీసేశాను. ఆయన ఖాతా ఉన్న వేరే సర్వర్‌కు తొలగింపు కబురు కూడా వెళ్లింది, కానీ ఆయన అప్పటికే చదివేశారు. ఆమెను తప్పుపట్టలేను, "ప్రైవేటు" అన్న మాట చూస్తే ఎవరైనా అలాగే నమ్ముతారు.

సర్వర్లు వేరైతే మాట్లాడుకోలేమన్నది వట్టి పుకారు. వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ 2018లో ప్రమాణంగా ఆమోదించిన యాక్టివిటీపబ్ అనే నియమావళి ఉన్నదే, వేర్వేరు సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి. సర్వర్ ఎంపికలో పొరబడితే ఇరుక్కుపోతామన్న భయమూ అక్కర్లేదు: ఖాతా మార్చినప్పుడు అనుచరులు వెంట వస్తారు, పాత పోస్టులు మాత్రం రావు.

ఇక "ఇక్కడ ఎవరూ పలకరు" అన్న ఫిర్యాదు. మన పోస్టును పదిమంది ముందుకు నెట్టే అల్గారిదమ్ ఇక్కడ లేదు కనుక, ఆ పని హ్యాష్‌ట్యాగే చేయాలి. నెల రోజులు అది లేకుండా రాసి విసిగిపోయిన ఒక గణితం మాస్టారు, భిన్నాల బోధనపై తన పాత ప్రశ్ననే హ్యాష్‌ట్యాగ్‌తో మళ్లీ పెట్టారు. సాయంత్రానికి మూడు వేర్వేరు సర్వర్ల నుంచి జవాబులు వచ్చాయి.