గో పక్కన వెంట్ ఎలా వచ్చి చేరింది?

మన స్కూళ్లలో ఇర్రెగ్యులర్ వెర్బ్స్ (పాస్ట్‌కి మామూలుగా చివర ఈడీ తగిలించుకోనివి) అంటే ఒకటే పద్ధతి, గ్రామర్ పుస్తకం వెనకాల వీ వన్, వీ టూ, వీ త్రీ అని మూడు కాలమ్స్ టేబుల్, ఎక్కాలతో పాటు అదీ బట్టీ. గో వెంట్ గాన్, ఈట్ ఏట్ ఈటెన్. అలా ఎందుకుందో మాత్రం ఎవరూ చెప్పరు. పైగా ఆ టేబుల్‌ని ఏ బీ సీ డీ వరసలో వేస్తారు, నన్నడిగితే అదే పెద్ద తప్పు, ఒకే తీరుగా మారే ఒక కుటుంబం వెర్బ్స్ అన్నీ చెల్లాచెదురైపోతాయి.

సింగ్ శాంగ్ సంగ్, డ్రింక్ డ్రాంక్ డ్రంక్, స్విమ్ స్వామ్ స్వమ్, బిగిన్ బిగాన్ బిగన్. ఇవి పక్కపక్కన పెట్టి పైకి చదవండి, మధ్యలో అచ్చు ఒకే తీరుగా మారుతోంది కదా. వెయ్యేళ్ల కిందటి పాత ఇంగ్లీషులో ఇలాంటి వెర్బ్స్‌కి ఇది పక్కా రూలే, జరిగిపోయింది అని చెప్పాలంటే చివర ఈడీ లాంటిదేమీ తగిలించరు, లోపల అచ్చు మార్చేస్తారు. అప్పట్లో ఇంకో తంటా కూడా ఉండేది, నేను పాడాను అంటే శాంగ్, మేం పాడాం అంటే సుంగోన్, అంటే పాస్ట్‌లోనే ఏకవచనానికి ఒకటి బహువచనానికి ఒకటి. ఆ తేడా తర్వాత పోయింది, బతికిపోయాం. రైడ్ రోడ్ రిడెన్, డ్రైవ్ డ్రోవ్ డ్రివెన్, రైట్ రోట్ రిటెన్ ఇంకో కుటుంబం.

కీప్ కెప్ట్, స్లీప్ స్లెప్ట్ అయితే ఉత్త వేషం, నిజానికి ఇవి ఈడీ తగిలించుకునే రకమే. ఆ ఈడీ చివర టీ గా కనపడుతూనే ఉంది, కాకపోతే రెండు హల్లులు ఒకదాని మీద ఒకటి పడేసరికి ముందున్న దీర్ఘం కాస్తా పొట్టిదైపోయింది. పుట్, కట్, హిట్‌లకి చివర ముందే టీ ఉంది కాబట్టి తగిలించాల్సింది అందులోనే కలిసిపోయింది.

ఇక వెంట్ సంగతి. అది అసలు గో ది కాదు, వెండ్ అనే వేరే వెర్బ్‌ది, సెండ్ సెంట్ లాగా వెండ్ వెంట్. గో కి పాతకాలంలో వేరే పాస్ట్ ఉండేది, దాన్ని పక్కకి నెట్టి 15వ శతాబ్దం వచ్చేసరికి వెంట్ ఆ సీటు ఎక్కేసింది. మనకీ 'రా' కి పాస్ట్ 'వచ్చాడు', పైకి చూస్తే ఏం పోలిక ఉంది చెప్పండి, అయినా రోజూ అంటాం కాబట్టి వింతగా అనిపించదు.

అసలు కిటుకు ఆ 'రోజూ' లోనే ఉంది. 2007లో నేచర్ పత్రికలో హార్వర్డ్ వాళ్ల పరిశోధన ఒకటి వచ్చింది. పాత ఇంగ్లీషులోని 177 ఇర్రెగ్యులర్ వెర్బ్స్ తీసుకుని చూస్తే మధ్యయుగపు ఇంగ్లీషుకి 145 మిగిలాయి, ఇప్పుడు 98. మిగతావన్నీ ఈడీ తగిలించుకుని రెగ్యులర్ అయిపోయాయి, హెల్ప్ కి ఒకప్పుడు హోల్ప్ ఉండేది, ఇప్పుడు హెల్ప్‌డ్. వాళ్ల లెక్క ప్రకారం వాడకం వందరెట్లు తక్కువున్న వెర్బ్ పదిరెట్లు తొందరగా మారిపోతుంది. అందుకే బీ, హ్యావ్, డూ, సే, గో, గెట్, కమ్ ఇలా నోట్లో ఎప్పుడూ నానేవన్నీ ఇర్రెగ్యులరే, అరుదుగా వాడేదాని పాత రూపం గుర్తు రాక జనం ఈడీ పెట్టేస్తారు. ఇంగ్లీషు ఇళ్లలో చిన్నపిల్లలు కూడా కమ్‌డ్, ఈటెడ్ అనేస్తుంటారు, రూల్ వంటబట్టింది కానీ కేమ్ ఇంకా గట్టిగా గుర్తుండలేదన్నమాట.

వాడేటప్పుడు మనవాళ్లు ఎక్కువగా తడబడేది రెండుచోట్ల. 'ఐ డిడ్ నాట్ వెంట్' అంటారు, డిడ్ అనగానే పాస్ట్ అయిపోయింది, ఇంకోసారి అక్కర్లేదు, కాబట్టి గో. రెండోది 'ఐ హ్యావ్ వెంట్', ఇలా హ్యావ్ పక్కన ఎప్పుడూ టేబుల్‌లో మూడో కాలమ్‌ది, అంటే వీ త్రీ, కాబట్టి గాన్.

అన్నట్టు దారి ఒకవైపే ఉందనుకోకండి. క్యాచ్ ఫ్రెంచి నుంచి వచ్చిన మాట, బుద్ధిగా ఈడీ పెట్టుకోవచ్చు, అయినా టీచ్ టాట్ తరహాలో కాట్ అయ్యి కూర్చుంది. స్నీక్ కి స్నీక్‌డ్ ఉండగా 19వ శతాబ్దంలో అమెరికాలో స్నక్ పుట్టుకొచ్చింది, ఇప్పుడక్కడ మామూలుగా రాసేస్తున్నారు కూడా.