జార్జ్ రూడే, తిరగబడిన గుంపులు: అపోహలు – వాస్తవాలు

గుంటూరు, విజయవాడల్లో చరిత్ర ఎం.ఏ. చదివేవాళ్లు ఫ్రెంచి విప్లవం పాఠంలో రాజు, రాణి, విప్లవ నాయకుడు రోబెస్పియర్ దగ్గరే ఆగిపోతుంటారు. పారిస్‌లో జైలుగా ఉన్న బాస్తీయ్ కోట మీదికి వెళ్లిందెవరని అడిగితే "ప్రజలు" అంటారు. ఆ ఒక్క మాటను విప్పి, అందులోంచి వడ్రంగినీ చాకలామెనూ బయటికి తీసిన చరిత్రకారుడు జార్జ్ రూడే (1910–1993).

అపోహ: తిరగబడే గుంపంటే పనీపాటా లేని అల్లరిమూక.

వాస్తవం: 19వ శతాబ్దంలో చాలామంది అలాగే రాశారు. రూడే పారిస్ పోలీసు రికార్డులు తిరగేశాడు. పట్టుబడ్డవాళ్ల వాంగ్మూలాల్లో పేరు, వయసు, పుట్టిన ఊరు, ఉండే వీధి, చేసే పని కనబడతాయి. బాస్తీయ్‌ని గెలిచినవాళ్లుగా గుర్తింపు పొందిన 662 మంది జాబితా ఒకటుంది. అందులో ఎక్కువమంది కోటను ఆనుకుని ఉన్న సేంత్ ఆంట్వాన్ పేటవాళ్లు. వడ్రంగులు, బీరువాలు చేసేవాళ్లు, తాళాల పనివాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు, చిన్న దుకాణదారులు. ఇల్లూ వృత్తీ ఉన్నవాళ్లే.

ఇక్కడే చాలా థీసిస్‌లు దెబ్బతింటాయి. ఆ జాబితా బతికి బయటపడి గుర్తింపు తెచ్చుకున్నవాళ్లది. కోట చుట్టూ నిలబడ్డ మిగతా జనం అందులో లేరు. అరెస్టు జాబితాల సంగతీ అంతే. పోలీసులకు చిక్కేది పరిగెత్తలేనివాళ్లు, ముందే పేరు తెలిసినవాళ్లు. కాబట్టి "పాల్గొన్నవాళ్లలో ఇంత శాతం" అని రాయకూడదు, "అరెస్టయినవాళ్లలో ఇంత శాతం" అని రాయాలి.

అపోహ: అన్నిటికీ ఆకలే కారణమని రూడే తేల్చాడు.

వాస్తవం: ఆకలి లెక్క ఆయన గట్టిగానే వేశాడు. మామూలు రోజుల్లో 8, 9 సూలు (అప్పటి ఫ్రెంచి చిల్లర నాణెం) ఉండే 4 పౌన్ల రొట్టె 1789 ఫిబ్రవరి నుంచి జూలై దాకా 14.5 సూలు పలికింది. కూలీకి రోజుకు వచ్చేది 20 నుంచి 30 సూలు. అయితే ఆయన అక్కడ ఆగలేదు. తాతల నుంచి వచ్చిన సొంత భావాలు కొన్ని, చదువుకున్నవాళ్ల దగ్గర్నుంచి అందిపుచ్చుకున్నవి కొన్ని, ఈ రెండూ కలిసినప్పుడే తిరుగుబాటుకు ఒక రూపం వస్తుందన్నాడు. మా దృష్టిలో ఆయన చెప్పినవాటిలో మనకు అన్నిటికంటే పనికొచ్చేది ఇదే. పల్నాడు పుల్లరి (అడవిలో పశువుల మేత మీద పన్ను) సత్యాగ్రహమే చూడండి. అడవిలో పశువుల్ని మేపుకోవడం మా హక్కు అన్నది పాత భావం. స్వరాజ్యం రాబోతోంది, పన్ను కట్టొద్దు అన్నది కొత్తగా ఊళ్లోకి వచ్చిన మాట. కన్నెగంటి హనుమంతు 1922లో ప్రాణమిచ్చింది ఆ పోరులోనే. ఆయన ఒక్కరి జీవితం రాసి ఊరుకుంటే, ఆయన వెంట మందల్ని అడవికి తోలినవాళ్లంతా మళ్లీ "ప్రజలు" అనే మాటలోకే వెళ్లిపోతారు.

అపోహ: ఆయన మొదట్నుంచీ యూనివర్సిటీ ప్రొఫెసర్.

వాస్తవం: ఆస్లోలో పుట్టి, ఇంగ్లండులో చదివి, చాలా ఏళ్లు బళ్లో పాఠాలు చెప్పాడు. పీహెచ్‌డీ 1950లో వచ్చింది. యూనివర్సిటీ ఉద్యోగం 1960లో, 50వ ఏట, ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో దొరికింది.

అపోహ: మన దగ్గర అలాంటి రికార్డులు లేవు.

వాస్తవం: మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాలు చెన్నై ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. పని మొదలుపెట్టేటప్పుడు మనిషికో వరుస చొప్పున పట్టిక గీయండి: పేరు, తండ్రి పేరు, ఊరు, వయసు, కులం, వృత్తి, పట్టుబడ్డ తేదీ, చోటు, మోపిన నేరం, పడ్డ శిక్ష, సంతకమా వేలిముద్రా. రికార్డులో లేని గడిని ఊహతో నింపకండి, ఖాళీగా ఉంచండి. ఇంగ్లీషు గుమాస్తా చేతిలో ఒకే వెంకయ్య మూడు స్పెల్లింగులతో ముగ్గురవుతాడు. తండ్రి పేరూ ఊరూ కలిస్తేనే ఒక్కడని తేల్చండి. "కూలీ" అన్నది గుమాస్తా రాసుకున్న మాట కావచ్చు, అతనికి అరెకరం పొలం ఉండవచ్చు.

ధరల దగ్గర పొరపాటు మరీ ఎక్కువ. ఆనాటి పట్టికల్లో ధర "రూపాయికి ఇన్ని సేర్లు" అని ఉంటుంది. అంకె తగ్గిందంటే ధర పెరిగినట్టు. రూపాయికి 16 అణాలు కాబట్టి 8 సేర్లు 5 అయితే, సేరు ధర 2 అణాల నుంచి 3.2 అణాలకు చేరినట్టు, అంటే 60 శాతం పెరుగుదల. చాలామంది దాన్ని 37.5 శాతం అని రాస్తారు, ఎందుకంటే సేర్ల తేడానే లెక్కేస్తారు.

తేదీలూ అంతే. శిస్తు లెక్కల ఏడాది ఫసలీ 1331 అంటే 1921 జూలై 1 నుంచి 1922 జూన్ 30 దాకా. దాన్ని ఉత్త 1921గా రాసుకుంటే 1922 తొలి నెలల్లో నడిచిన పెదనందిపాడు పన్నుల నిరాకరణ ఒక ఏడాది వెనక్కి జరిగిపోతుంది. పారిస్ కాగితాల్లోనూ ఇదే చిక్కు. విప్లవ పంచాంగం ప్రకారం మూడో ఏడు ప్రేరియల్ నెల 1 అని ఉంటే, అది 1795 మే 20.