పేరు గుర్తుంటుంది, చోటే గుర్తుండదు: బడి భూగోళంపై అపోహలు, వాస్తవాలు

హన్మకొండ దగ్గర ఒక సర్కారు హైస్కూల్లో సోషల్ చెబుతాను. పెళ్లికి పోయినా, బారసాలకు పోయినా, నేను సోషల్ సార్‌నని తెలియగానే ఎవరో ఒకరు పక్కకొచ్చి కూర్చుని "బడిలో చదివిన భూగోళం మొత్తం మర్చిపోయినం సార్" అంటారు. అదేదో నేను వాళ్లకిచ్చిన అప్పులాగ. ఇన్నేళ్లలో విన్న మాటల్లో కొన్నిటికి ఇక్కడ జవాబు రాస్తున్నా.

అపోహ: పెద్దయ్యాక భూగోళం అంతా మర్చిపోతాం.

మర్చిపోరు. కావాలంటే అలా అన్నవాళ్లనే "కర్కటరేఖ ఏ రాష్ట్రాల మీదుగా పోతుంది" అని అడిగి చూడండి. గుజరాత్, రాజస్థాన్, మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్, పశ్చిమ బెంగాల్, త్రిపుర, మిజోరం అని ఎక్కాల్లాగ చదివేస్తారు, ఒకటి తప్పినా పక్కనున్న భార్యో బావమరిదో అందిస్తారు. ఆ వెంటనే రెండో ప్రశ్న వేయండి. మన వరంగల్ ఆ రేఖకు ఉత్తరాన ఉందా, దక్షిణాన ఉందా? అక్కడ ఆగిపోతారు. వరంగల్ సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, కర్కటరేఖ 23½ దగ్గర. అంటే మనం దానికి దక్షిణాన ఉన్నాం. రేఖ పేరు, రాష్ట్రాల పేర్లు, వాటి వరుసతో సహా పాతికేళ్లు నిలిచాయి, కానీ తను ఎక్కడున్నాడో మాత్రం ఆ మనిషికి బడిలో ఉన్నప్పుడు కూడా తెలియదు. తెలియనిదాన్ని మర్చిపోయానంటే ఎట్లా?

అపోహ: మహారాష్ట్ర మనకు పడమర, ఆంధ్ర మనకు తూర్పు.

ఇది నాకు చాలా ఇష్టమైనది, ఎందుకంటే ఇందులో పిల్లలు, పెద్దలు, పోటీ పరీక్షలకు రాత్రింబవళ్లు చదివేవాళ్లు, మా స్టాఫ్‌రూమ్ అందరూ సమానంగా పడతారు. హైదరాబాద్, నాగపూర్, ఈ రెండిట్లో ఏది తూర్పున ఉంది? నాగపూర్ మహారాష్ట్రలో ఉంది, మహారాష్ట్ర పడమర, కాబట్టి హైదరాబాదే తూర్పు అంటారు. కానీ హైదరాబాద్ రేఖాంశం దాదాపు 78½ డిగ్రీలు, నాగపూర్‌ది 79 దాటింది. నాగపూరే తూర్పు.

ఇంకా ముందుకు పోదాం. కాళేశ్వరం దగ్గర గోదావరి ఒడ్డున నిలబడి అవతలికి చూస్తే కనబడే సిరోంచ మహారాష్ట్రే కదా, అది వరంగల్‌కు ఈశాన్యాన ఉంది. ఆంధ్రలో ఉన్న కర్నూలు, అనంతపురం హైదరాబాద్‌కు పడమర వైపే. తిరుపతి కూడా వరంగల్ కంటే ఒక పిసరు పడమరకే ఉంటుంది. ఈ ఒక్క మాట చెప్పి నేను స్టాఫ్‌రూమ్‌లో టీ పందెం రెండుసార్లు గెలిచా, అట్లాసు తెరిచి స్కేలు పెట్టి చూపించాల్సి వచ్చింది.

ఇది మన తెలివితక్కువతనం కాదు, మెదడు పనిచేసే తీరే అంత. 1978లో స్టీవెన్స్, కూప్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో ఇలాంటిదే అడిగారు. శాన్ డియాగో కాలిఫోర్నియాలో ఉంది, రీనో నెవాడాలో ఉంది, కాలిఫోర్నియా నెవాడాకు పడమర. కాబట్టి రీనో తూర్పున ఉంటుందని జనం అనుకున్నారు, నిజానికి రీనోనే ఇంకా పడమరకు ఉంది. మనం ఊరు ఎక్కడుందో విడిగా దాచుకోం, అది ఏ రాష్ట్రంలో ఉందో దాచుకుని, ఆ రాష్ట్రం ఏ దిక్కో చూసి ఊరి దిక్కు లెక్కగట్టేస్తాం. తక్కువ గుర్తు పెట్టుకుని ఎక్కువ పని చేయించుకునే ఉపాయం ఇది, చాలాసార్లు సరిగ్గానే పనిచేస్తుంది కూడా.

దీనికి మందు మాకు కాజీపేటలో దొరికింది. రైల్వేవాళ్ల పిల్లల్ని నాగపూర్ బండి దారిలో వచ్చే స్టేషన్లు అడిగితే జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి, సిర్పూర్ కాగజ్‌నగర్, బల్లార్షా, ఆ తర్వాత నాగపూర్ అని టకటకా చెప్పేస్తారు. ఆ వరుసను బోర్డు మీద చుక్కలు చుక్కలుగా పెట్టించి, పొద్దున ఎండ కిటికీలోంచి ఏ పక్కన పడుతుందో అడిగితే, బండి ఉత్తరానికి పోతోందని వాళ్లే తేల్చేస్తారు. "మహారాష్ట్ర పడమర" అనే మాట అక్కడికక్కడే కూలిపోతుంది.

అపోహ: ఉత్తరం అంటే పైన, దక్షిణం అంటే కింద.

గోడకు తగిలించిన పటం చేసిన ఘనకార్యం ఇది. మంజీర నది సంగారెడ్డి దగ్గర మలుపు తిరిగి ఉత్తరానికి పారి, నిజామాబాద్ జిల్లా కందకుర్తిలో గోదావరిలో కలుస్తుంది. దాని మీది ప్రాజెక్టుల్లో సింగూరు ఎగువన, నిజాంసాగర్ దిగువన. పటంలో చూస్తే సింగూరు కింద ఉంటుంది, నిజాంసాగర్ దానికి పైన ఉంటుంది. తొమ్మిదో తరగతి పిల్లాడు లేచి "నీళ్లు పైకి ఎట్ల పోతయి సార్?" అన్నాడు. నవ్వకూడదు. ఆ ప్రశ్న అడిగినవాడు పటాన్ని నిజంగా చూశాడు, మిగతావాళ్లు చూడలేదు.

ఆ రోజు పటం గోడ మీదినుంచి తీసి వరండాలో నేల మీద పరిచాం, పటంలో ఉత్తరం అసలు ఉత్తరం వైపు ఉండేలా. అంతే, పైనా కిందా అన్న గొడవే లేకుండా పోయింది. అడిగిన పిల్లాడిది వ్యవసాయం చేసే ఇల్లు. మీ ఊరి చెరువు నిండి మత్తడి దుంకితే నీళ్లు ఎటు పోతాయిరా అంటే చెయ్యి ఉత్తరానికి చూపించి "కింది చెరువులకు" అన్నాడు. కింది చెరువు ఉత్తరాన ఉంది! కాకతీయుల కాలం నుంచి గొలుసుకట్టు చెరువులున్న నేల మనది, ఎగువా దిగువా అంటే ఏంటో ఇక్కడి పిల్లలకు పుస్తకం చెప్పాల్సిన పని లేదు. వాడికి తెలిసినదానికీ పుస్తకానికీ మధ్య తలుపు వేసి ఉంది, అంతే.

అపోహ: పటం ఎంత అందంగా రంగులేస్తే అంత బాగా వచ్చినట్టు.

కాదు. కాగితానికి నూనె రాసి, పుస్తకం మీద పెట్టి గీతల మీద గీతలు గీసి, నదికి నీలం, కొండలకు గోధుమరంగు వేసి అమ్మాయిలు తెచ్చే పటాలు చూస్తే ముచ్చటేస్తుంది, మార్కులు కూడా వేస్తాను. కానీ చెయ్యి నేర్చుకుంది, తల నేర్చుకోలేదు.

అపోహ: పదిసార్లు చదివితే పదికాలాలు గుర్తుంటుంది.

పరీక్ష రేపే అయితే నిజమే. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత చూస్తే, ఒకసారి చదివి పుస్తకం మూసి గుర్తున్నది రాసినవాళ్లే ఎక్కువ చెప్పగలిగారు. చదవడం కంటే తలలోంచి బయటికి లాగడమే జ్ఞాపకాన్ని గట్టి చేస్తుందన్నమాట.

నేను దీన్ని శనివారం శనివారం చేయిస్తాను. రఫ్ నోట్సులో ఖాళీ పేజీ, చూడకుండా తెలంగాణ గీయాలి. వంకరటింకరగా వచ్చినా పర్వాలేదు, బంగాళదుంపలా వచ్చినా పర్వాలేదు. అందులో ఆరు పెట్టాలి: గోదావరి, కృష్ణ, హైదరాబాద్, మన ఊరు, మనకు బొగ్గు వచ్చే చోటు, ఆ వారం పేపర్లో వచ్చిన ఒక ఊరు. తర్వాత పుస్తకం తెరిచి ఎర్ర పెన్నుతో వాళ్లే దిద్దుకోవాలి. మొదటి నెల వాళ్ల పటాల్లో గోదావరి హైదరాబాద్ మీదుగా పారుతుంది. రెండో నెలకు ఉత్తరాన కందకుర్తి దగ్గర లోపలికొచ్చి, కాళేశ్వరంలో ప్రాణహితను కలుపుకుని, భద్రాచలం వైపు దిగుతుంది. బొగ్గు గనులు రామగుండం, భూపాలపల్లి, కొత్తగూడెం అంటూ గోదావరి లోయ పొడుగునా ఎందుకున్నాయని ఒకరోజు వాళ్లే అడుగుతారు. అప్పుడు బొగ్గు దొరికే గోండ్వానా శిలల పాఠం చెబితే నా గొంతు వృథా కాదు.

అపోహ: రాష్ట్రాలు 29 అన్నవాడు సరిగ్గా చదువుకోలేదు.

పాపం, వాడు సరిగ్గానే చదువుకున్నాడు. 2014 జూన్ నుంచి 2019 అక్టోబర్ దాకా 29 రాష్ట్రాలే. ఇప్పుడు 28, కేంద్రపాలిత ప్రాంతాలు 8. మన దగ్గర 10 జిల్లాలు 2016లో 31 అయ్యాయి, 2019లో ములుగు, నారాయణపేటతో 33 అయ్యాయి. 2021లో వరంగల్ అర్బన్ పేరు హన్మకొండ అయింది, వరంగల్ రూరల్ వరంగల్ అయింది. ఈ మధ్యలో చదువుకున్న ఒకే ఇంటి అన్నదమ్ములకు మూడు రకాల జిల్లా పేర్లు ఉంటాయి, ముగ్గురూ కరెక్టే. మా బడి గ్లోబు మీదైతే ఇంకా సోవియట్ యూనియన్ ఉంది. దాన్ని తీసేయనివ్వను, ఒక పీరియడ్ పాఠం దానిమీదే నడుస్తుంది.

అపోహ: ఎండాకాలంలో భూమి సూర్యుడికి దగ్గరగా వస్తుంది.

ఇంజినీర్లు కూడా ఇదే చెబుతారు. భూమి సూర్యుడికి అన్ని రోజులకంటే దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో, మనం స్వెటర్లు వేసుకుని బొగ్గుల కుంపటి చుట్టూ కూర్చునే రోజుల్లో. జులై మొదట్లో దూరంగా ఉంటుంది. కాలాలు మారేది భూమి అక్షం 23½ డిగ్రీలు వంగి ఉండటం వల్ల. పుస్తకాల్లో భూకక్ష్యను కోడిగుడ్డులా సాగదీసి గీస్తారు, పిల్లలు పాఠం మర్చిపోయి ఆ బొమ్మను గుర్తు పెట్టుకుంటారు.

దీని తమ్ముడే ఇంకొకటి: రోజూ మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడని. వరంగల్‌లో ఏడాదికి రెండు రోజులే అలా ఉంటాడు, మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదట్లో ఒకసారి. ఢిల్లీలో ఎప్పుడూ ఉండడు. నిలువుగా కర్ర పాతి నీడ మాయమవడం చూపిద్దామంటే మేలో సెలవులు, ఆగస్టులో మబ్బులు. ఇన్నేళ్లలో ఒక్కసారే కుదిరింది.

అపోహ: ఫోన్లో మ్యాప్ ఉండగా ఇవన్నీ ఎందుకు?

ఫోన్ దారి చూపిస్తుంది, కాదనను. లొకేషన్ పెట్టుకుని మేడారం పోయొచ్చిన పెద్దవాళ్లను దారిలో ఏ ఊరి తర్వాత ఏ ఊరు వచ్చిందో అడిగి చూడండి, చాలు. మొన్నటి జాతర తర్వాత నేను ఆరో తరగతి పిల్లలతో ఆ దారి గీయించా. ఒకడు పేజీ అడుగున హన్మకొండ పెట్టి, రోడ్డు నిట్టనిలువుగా పైకి లాగి, గట్టమ్మ, ములుగు, పస్రా, తాడ్వాయి, మేడారం వరుసగా రాశాడు. గట్టమ్మ దగ్గర "ఇక్కడ బాపు కొబ్బరికాయ కొట్టిండు" అని కూడా రాశాడు. దూరాలన్నీ తప్పే. మూలన ఉత్తరం బాణం మాత్రం నిలువుగా లేదు, ఎడమవైపు బాగా వాలి ఉంది. ఇదేంట్రా వంకరగా వేశావ్ అంటే, "మేడారం తూర్పు దిక్కున కొంచెం ఉత్తరానికి కద సార్, నేను రోడ్డును పైకి గీసిన, అందుకే ఉత్తరం పక్కకు పోయింది" అన్నాడు.