డిగ్రీ తర్వాత చదువు: ఫిజియో, ఓటీల్లో ఉన్న అపోహలు - వాస్తవాలు

హనుమకొండ, కాజీపేట, వరంగల్ మూడింటిలోనూ ఫిజియోథెరపీ క్లినిక్‌లు బాగా పెరిగాయి. కాళోజీ హెల్త్ యూనివర్సిటీ మన ఊళ్లోనే ఉంది, ఏటా కొత్త బ్యాచ్‌లు బయటికొస్తున్నాయి. రోజువారీ పనులు మళ్లీ చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టులు (ఓటీలు) మాత్రం మన జిల్లాల్లో ఇప్పటికీ తక్కువే. డిగ్రీ చేతికొచ్చాక ఏం చదవాలి, ఎందుకు చదవాలి అన్న దాని మీద మాత్రం మా థెరపిస్టుల్లో చాలా గందరగోళం ఉంది. జూనియర్లు నన్ను అడిగేవీ, సీనియర్లు నాతో వాదించేవీ కలిపి రాస్తున్నాను.

అపోహ: పదిహేనేళ్ల అనుభవం ఉంది, మళ్లీ చదవాల్సిందేముంది?

అనుభవం విలువ నాకు తెలుసు. చెయ్యి వేయగానే కండరం ఎక్కడ బిగుసుకుందో తెలియడం పుస్తకంతో రాదు. కానీ కాలేజీలో నేర్చుకున్నదే తర్వాత తప్పని తేలితే, ఆ సంగతి అనుభవం దానంతటది చెప్పదు. డాక్టర్ల అనుభవానికీ వైద్యం నాణ్యతకూ ఉన్న సంబంధం మీద 2005లో ఒక సమీక్ష వచ్చింది. అందులో పరిశీలించిన అధ్యయనాల్లో సగానికి పైగా, ఏళ్లు గడిచే కొద్దీ నాణ్యత తగ్గిందనే చూపించాయి. మన విషయం వేరుగా ఉంటుందని నేననుకోను.

నడుము నొప్పినే తీసుకోండి. పత్తి ఏరేవాళ్లు, నాట్లు వేసేవాళ్లు, ఎనుమాముల మార్కెట్ హమాలీలు, బీడీలు చుట్టే ఆడవాళ్లు... మన దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది బాధ ఇదే. వాళ్లకు చాలా చోట్ల ఇచ్చేది ఐఎఫ్‌టీ (నొప్పి ఉన్నచోట కరెంటు పెట్టే మిషన్), అల్ట్రాసౌండ్ (శబ్ద తరంగాల మిషన్), ట్రాక్షన్ (నడుమును సాగదీయడం), పోయేటప్పుడు ఒక బెల్టు. బ్రిటన్‌కు చెందిన నైస్ సంస్థ 2016 మార్గదర్శకాల్లో నడుము నొప్పికి ఈ నాలుగూ ఇవ్వొద్దని చెప్పింది. టెన్స్ (చర్మం మీద ప్యాడ్లు అంటించి కరెంటు పెట్టే మిషన్) కూడా వద్దంది. పనులు మానకుండా కదులుతూ ఉండమని చెప్పాలి, వ్యాయామం చేయించాలి. చేత్తో చేసే మాన్యువల్ థెరపీ ఇచ్చినా వ్యాయామంతో కలిపే ఇవ్వాలి. మోకాళ్ల అరుగుదల మీద నైస్ 2022లో ఇచ్చిన మార్గదర్శకాలూ అంతే. వ్యాయామం అందరికీ, కరెంటు మిషన్లు ఎవరికీ వద్దు.

పక్షవాతం సంగతీ చూడండి. ఎంత తొందరగా లేపి ఎంత ఎక్కువసేపు నడిపిస్తే అంత మంచిదని మనమంతా నమ్మాం. 2015లో వచ్చిన అవర్ట్ అనే ట్రయల్ (చికిత్సలను పోల్చి చూసే అధ్యయనం) 2,104 మంది పక్షవాతం పేషెంట్లను చూసింది. మొదటి 24 గంటల్లోనే లేపి ఎక్కువ మోతాదులో కదిలించిన వాళ్లకు మూడు నెలల తర్వాత ఫలితం మామూలు చికిత్స పొందినవాళ్ల కంటే కొంచెం తక్కువగానే వచ్చింది. దీనర్థం పడుకోబెట్టి ఉంచమని కాదు. మామూలు చికిత్సలోనూ చాలామందిని ఒక రోజులోపే లేపారు. తేడా మోతాదులో ఉంది. అలాగే పడిపోయిన చేతికి తలపైకి తాడు పుల్లీ వ్యాయామం చేయిస్తే భుజం నొప్పి రావచ్చు. 2016 అమెరికా స్ట్రోక్ మార్గదర్శకాలు దాన్ని వద్దన్నాయి. అయినా ఆ పుల్లీ ఎన్ని క్లినిక్‌ల గోడలకు వేలాడుతోందో మీకే తెలుసు.

అపోహ: మనం మారినా పేషెంట్లు మారరు, కరెంటు పెడితేనే ఒప్పుకుంటారు.

నాకు అన్నిటికంటే బాధ కలిగించే మాట ఇది. "సారూ, కరెంటు వెడ్తరా?" అని పేషెంట్ అడుగుతున్నది నిజమే. అలా అడగడం నేర్పింది మనమే. పరకాల నుంచో ములుగు నుంచో బస్సెక్కి పది సిట్టింగులకు వచ్చే మనిషి, చార్జీలతో పాటు ప్రతిసారీ ఆ రోజు కూలి పోగొట్టుకుంటాడు. పని చేయదని తెలిసిన మిషన్ కోసం ఆ పది రోజులు తీసుకునే హక్కు మనకెక్కడిది?

చెప్పే పద్ధతిలో చెబితే పేషెంట్లు వింటారు. మొదటి రోజే చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలుగుతున్నారో వాళ్ల చేతే లెక్క పెట్టించండి. ఆ అంకె వాళ్ల కాగితం మీద రాయండి. రెండు వారాలకు మళ్లీ చేయించండి. అంకె పెరిగితే మిషన్ మాట వాళ్లే ఎత్తరు. పెరగకపోతే మన ప్లాన్ మార్చుకోవాలని మనకే అర్థమవుతుంది. వ్యాయామాన్ని కూడా వాళ్ల పనిలోనే ఇరికించాలి. బీడీలు చుట్టే ఆమెకు "రోజూ అరగంట చేయమ్మా" అంటే కుదరదు. ఒక కట్ట అయినప్పుడల్లా లేచి నాలుగుసార్లు నడుము వెనక్కి వంచమంటే కుదురుతుంది. ఇలా మాట్లాడటం కూడా నేర్చుకోవాల్సిన విద్యే. దీనికి వర్క్‌షాప్ పెడితే మాత్రం ఎక్కువమంది రారు.

అపోహ: ఎన్ని సర్టిఫికెట్లుంటే అంత నైపుణ్యం.

శని, ఆదివారాలు రెండు రోజుల కోర్సు. డ్రై నీడ్లింగ్ (కండరంలోకి సన్నని సూది దించడం), కప్పింగ్ (చర్మం మీద కప్పులు పెట్టి లాగడం), టేపింగ్ (నొప్పి ఉన్నచోట టేపు అంటించడం). సోమవారానికి పేరు వెనక నాలుగు అక్షరాలు. బోర్డు మీద ఆ అక్షరాలు చూసి పేషెంట్ నమ్ముతాడు, అందుకే జాగ్రత్తగా ఉండాలి. డ్రై నీడ్లింగ్‌లో ఛాతీ దగ్గర సూది లోతుగా దిగితే ఊపిరితిత్తికి రంధ్రం పడే ప్రమాదం ఉంది. ఆ ప్రమాదాన్ని ఎలా గుర్తించాలో, గుర్తిస్తే ఏం చేయాలో చెప్పని కోర్సుకు డబ్బు కట్టకండి.

విని వచ్చినంత మాత్రాన మన పని మారదు. వైద్య సిబ్బందికి పెట్టే మీటింగులు, వర్క్‌షాపుల మీద కాక్రేన్ (వైద్య అధ్యయనాలన్నీ కలిపి చూసే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష 2009లో వచ్చింది, మళ్లీ 2021లో వచ్చింది. రెండింటిలోనూ చికిత్స తీరులో కనిపించిన మెరుగుదల దాదాపు 6, 7 శాతమే. 2009 సమీక్షలో ఉపన్యాసంతో పాటు చర్చ, సాధన కలిసిన చోట ఫలితం ఎక్కువగా కనిపించింది. కాబట్టి ఫీజు కంటే ముందు ఇవి అడగండి: ఎంతమందికి ఒక ట్రైనర్? మన చేత్తో చేయిస్తారా? నెల తర్వాత మన కేసు చూసి మాట్లాడతారా?

అపోహ: మనకు కూడా ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) పాయింట్లు కావాలి.

అక్కర్లేదు. సీఆర్ఈ పాయింట్లు (రిజిస్ట్రేషన్ కొనసాగడానికి కోర్సులకు వెళ్లి సంపాదించేవి), 5 ఏళ్ల రెన్యువల్ అన్నవి రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయ్యే స్పెషల్ ఎడ్యుకేటర్లు, ఆడియాలజిస్టుల వంటి వాళ్లకు. ఫిజియో, ఓటీలు ఆ జాబితాలో లేవు. రెండూ 2021 నాటి అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం కిందికి వస్తాయి. విదేశాలకు వెళ్లాలనుకునేవాళ్ల లెక్క వేరు. అమెరికాలో ఫిజియోలు చదవాల్సిన గంటలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. ఓటీలకు ఎన్‌బీసీఓటీ (అక్కడ ఓటీలకు సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ) రెన్యువల్ అంటే 3 ఏళ్లకు 36 యూనిట్లు. బ్రిటన్‌లో 2 ఏళ్లకోసారి రెన్యువల్, గంటల లెక్క ఉండదు. కొందరిని ఎంపిక చేసి, నేర్చుకున్నది పేషెంట్‌కు ఎలా ఉపయోగపడిందో రాసివ్వమంటారు. నాకు ఈ పద్ధతే నచ్చింది.

అపోహ: చదువంటే హైదరాబాద్ పోవాలి, వేలు ఖర్చు పెట్టాలి.

ఫోన్ చాలు. సిడ్నీ నుంచి 1999లో మొదలైన పెడ్రో డేటాబేస్ పూర్తిగా ఉచితం. ఫిజియోథెరపీకి సంబంధించిన ట్రయల్స్, సమీక్షలు, మార్గదర్శకాలు అందులో 60 వేలకు పైగా ఉన్నాయి, ట్రయల్స్‌కు పదికి మార్కులు కూడా వేసి ఉంటాయి. నలుగురు థెరపిస్టులు కలిసి ఒక ఆదివారం పొద్దున ఒక కేసు, ఒక పేపర్ పెట్టుకుంటే అంతకు మించిన క్లాసు లేదు. అందులో ఒక ఓటీ ఉంటే ఇంకా మంచిది.

అపోహ: విదేశీ కోర్సులో చెప్పింది ఉన్నదున్నట్టు చేస్తే చాలు.

సూత్రం మాత్రమే అక్కడిది. ఏ పని తిరిగి రావాలో ఆ పనినే సాధన చేయించాలన్నది పక్షవాతంలోనూ, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు కష్టమయ్యే స్థితి) ఉన్న పిల్లల్లోనూ బలంగా నిలబడిన విషయం. కానీ ఆ పని ఏది? కోర్సు వీడియోలో చెంచా, ఫోర్కు, బాత్ టబ్ ఉంటాయి. మన పేషెంట్‌కు కావాల్సింది కుడి చేత్తో అన్నం కలిపి ముద్ద నోటిదాకా తీసుకెళ్లడం, నేల మీద నుంచి లేవడం, ఇండియన్ టాయిలెట్లో కూర్చుని లేవడం, బిందె ఎత్తడం. వేళ్లతో ముద్ద కలపడానికి కావాల్సిన పట్టు వేరు, చెంచా పట్టుకునే పట్టు వేరు. ఓటీలు ఈ పనులను విడగొట్టి నేర్పించగలరు, ఫిజియోలు వాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకోవాలి.

భవిత కేంద్రాల్లో (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేవి) పనిచేసేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. వారానికోసారి మనం పాపను చూసేది కాసేపు, మిగతా వారమంతా చూసేది తల్లి. ఆమెకు ఇంట్లో చేయించడం నేర్పడమే అక్కడ అసలు చికిత్స. తల్లికి ఎలా నేర్పాలి, ఆమె చేస్తుంటే ఎలా సరిచేయాలి అన్న అంశం కోర్సులో ఉందో లేదో చేరకముందే నిర్వాహకులకు ఫోన్ చేసి కనుక్కోండి.